ఏసీలో గ్యాస్ అయిపోదు బాస్... లీకవుతుంది!

సమ్మర్ మొదలైతే చాలు, మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో ఒక మెసేజ్ గ్యారంటీ. "ఏసీ కూలింగ్ రావట్లేదు, గ్యాస్ అయిపోయినట్టుంది. మంచి టెక్నీషియన్ నంబర్ ఉంటే పెట్టండి ప్లీజ్." కింద నాలుగు నంబర్లు వస్తాయి. ఒకాయన వచ్చి గ్యాస్ నింపి, డబ్బులు తీసుకుని వెళ్లిపోతాడు. మళ్లీ వచ్చే సమ్మర్‌కి అదే ఫ్లాట్ నుంచి అదే మెసేజ్!

ఒక్కసారి ఆలోచించండి. బైక్‌లో పెట్రోల్ అయిపోతుంది, ఎందుకంటే అది మండిపోతుంది. వంట గ్యాసూ అంతే. కానీ ఏసీలో గ్యాస్ మండదు, ఖర్చు కాదు. మూసి ఉన్న పైపుల్లో గుండ్రంగా తిరుగుతూనే ఉంటుంది. గదిలో వేడిని పట్టుకుంటుంది, బయట వదిలేస్తుంది, మళ్లీ లోపలికి వస్తుంది. పదేళ్లు తిరిగినా తగ్గాల్సిన పని లేదు. తగ్గిందంటే అర్థం ఒక్కటే. ఎక్కడో కారుతోంది.

ఎక్కడ కారుతుంది? ఎక్కువగా మీ ఇంట్లో, మీ గోడ దగ్గర, బిగించిన రోజు వేసిన జాయింట్లలోనే.

మార్కులు లేని గీతలు

నేను బీటెక్ మెకానికల్ చదివి సాఫ్ట్‌వేర్‌లోకి వచ్చిపడినవాణ్ణి. మనలో ఇలాంటివాళ్లు బోలెడుమంది కదా! కాలేజీలో రిఫ్రిజిరేషన్ సైకిల్ బొమ్మ ఎన్నిసార్లు గీశానో లెక్కలేదు. నాలుగు డబ్బాలు: కంప్రెసర్, కండెన్సర్, ఎక్స్‌పాన్షన్ వాల్వ్, ఎవాపరేటర్. వాటిని కలుపుతూ గీతలు. డబ్బాల గురించి రాస్తే మార్కులు. గీతల గురించి ఎవరూ అడిగేవాళ్లు కాదు.

ఆ గీతలే రాగి పైపులు. అసలు కథంతా అక్కడే ఉంది.

స్ప్లిట్ ఏసీ ఫ్యాక్టరీలో సగమే తయారవుతుంది. అవుట్‌డోర్ యూనిట్‌లో గ్యాస్ నింపి, వాల్వులు మూసేసి పంపిస్తారు. ఇన్‌డోర్ యూనిట్ వేరే డబ్బాలో వస్తుంది. ఆ రెంటినీ కలిపి ఒక్క మెషీన్‌గా చేసేది మన బెడ్‌రూమ్‌లో, డ్రిల్లింగ్ దుమ్ములో, ఒకరిద్దరు మనుషులు. ఫ్యాక్టరీలో ప్రతి జాయింట్‌కీ టెస్టింగ్ ఉంటుంది. మన గోడ దగ్గర ఏ టెస్టింగూ ఉండదు, మనం అడిగితే తప్ప.

స్టార్ రేటింగ్ సంగతీ అంతే. డబ్బా మీద ఐదు నక్షత్రాలు చూసి ఎక్కువ డబ్బు పెట్టి కొంటాం. ఆ నక్షత్రాలు ల్యాబ్‌లో, అన్నీ సరిగ్గా బిగించి కొలిచినవి. మా సాఫ్ట్‌వేర్ భాషలో చెప్పాలంటే టెస్టింగ్‌లో సూపర్‌గా రన్ అయింది. ప్రొడక్షన్‌లో ఎలా ఉంటుందన్నది బిగించే చేతుల మీదే ఆధారపడి ఉంటుంది.

మా ఫ్లాట్‌లో మూడో గ్యాస్

హైదరాబాద్‌లో నేను, నా ఫ్రెండ్ కలిసి ఉండే ఫ్లాట్‌లో ఒకటిన్నర టన్ను ఏసీ ఉంది. కొన్న ఏడాది చల్లగానే ఉంది. రెండో ఏడాది గాలి తప్ప చల్లదనం లేదు. కాల్ చేస్తే కుర్రాడొచ్చి గ్యాస్ నింపాడు. మూడో ఏడాది మళ్లీ అదే తంతు. ఇంకో రెండు నెలలకి ఇంకోసారి! ప్రతిసారీ రెండు మూడు వేలు. లీకు ఎక్కడో వెతకమంటే, "లీకేం లేదు సార్, యూజ్ చేస్తే తగ్గుతుంది" అన్నాడు.

నాలుగోసారి వేరే ఆయన్ని పిలిచాం. వయసు యాభై పైనే ఉంటుంది. వచ్చీ రాగానే సిలిండర్ తియ్యలేదు. మగ్గులో సబ్బు నీళ్లు కలిపి ఇమ్మన్నాడు. అవుట్‌డోర్ పక్కన రెండు ఇత్తడి నట్లు ఉంటాయి చూడండి, స్పాంజితో వాటి మీద నురగ రాశాడు. ఒక నట్టు దగ్గర చిన్న చిన్న బుడగలు పైకి వచ్చాయి.

"గ్యాస్ యాడికి పోతది తమ్మీ? గీడికెల్లే పోయింది" అన్నాడు. నట్టు విప్పి పైపు అంచు నా చేతిలో పెట్టాడు. ఆ అంచు ఒక పక్కన సన్నగా చీలి ఉంది. మొదటి రోజు నుంచీ అలాగే ఉందట. "గీ ముక్క కోసి మల్ల చేసుడు పది నిమిషాల పని. గదే చెయ్యలే."

ఆ రోజు మధ్యాహ్నమంతా ఆయన పని చేస్తుంటే పక్కనే నిలబడి చూశాను. నాలుగేళ్ల బీటెక్‌లో చూడనిది మూడు గంటల్లో చూశాను. తర్వాత మాన్యువల్స్ తిరగేస్తే, ఆయన చేసిందే వాటిలో రాసి ఉంది.

గిన్నె అంచు లాంటి చిన్న పని

పైపు చివరని గరాటు మూతిలా వెడల్పు చేయడాన్ని ఫ్లేర్ అంటారు. ఆ మూతి వెళ్లి ఇత్తడి నట్టులోపల ఆనుకుంటుంది. మధ్యలో రబ్బరు లేదు, గమ్ము లేదు. రాగి, ఇత్తడి ఒకదాన్నొకటి గట్టిగా హత్తుకోవడమే సీలు.

దానికి ఎంత ఒత్తిడి తట్టుకోవాలో తెలుసా? ఇప్పుడొచ్చే చాలా ఏసీల్లో ఆర్‌32 గ్యాస్ ఉంటుంది. ఏసీ ఆఫ్‌లో ఉన్నా సరే, ఎండాకాలంలో ఆ పైపుల్లో ప్రెజర్ 250 నుంచి 300 పీఎస్ఐ దాకా ఉంటుంది. కారు టైరులో 30, 35 మించదు. అంటే టైరుకి ఎనిమిది, తొమ్మిది రెట్లు! వెంట్రుకంత సందు దొరికినా చాలు, గ్యాస్ మెల్లగా జారుకుంటుంది.

మంచి ఫ్లేర్‌కి వరస ఇదీ: పైపుని హ్యాక్సాతో కాకుండా గుండ్రంగా తిరిగే కట్టర్‌తో కోయాలి. లోపలి అంచున మిగిలే రాగి గరుకుని గీకేయాలి. గీకేటప్పుడు పైపు మూతి కిందికి ఉండాలి, లేకపోతే ఆ పొట్టు లోపలికే పడుతుంది. నట్టుని ముందే పైపులోకి ఎక్కించాలి, తర్వాత అది ఎక్కదు. అప్పుడు టూల్‌తో మూతి వెడల్పు చేయాలి. అంచు చుట్టూ సమానంగా, గీత లేకుండా, అద్దంలా నున్నగా రావాలి.

బిగించడానికీ లెక్క ఉంది. పావు అంగుళం పైపు నట్టుకి సుమారు 14 నుంచి 18 న్యూటన్ మీటర్లు, అరంగుళం దానికి 50 నుంచి 60. తక్కువైతే కారుతుంది. ఎక్కువైతే రాగి నలిగి చీలుతుంది. దీనికోసమే టార్క్ స్పానర్ ఉంటుంది. అది లేకపోయినా పర్లేదు, కనీసం రెండు స్పానర్లు వాడాలి. ఒకటి పట్టుకోవడానికి, ఇంకొకటి తిప్పడానికి. ఒక్క స్పానర్‌తో బలమంతా పెట్టి తిప్పితే పైపే మెలితిరిగిపోతుంది.

అందరూ ఎగ్గొట్టే ఇరవై నిమిషాలు

పైపులు కలిపాక వాటి లోపల ఏముంటుంది? మామూలు గాలి. అందులో తేమ. ఆ రెంటినీ బయటికి లాగేయకుండా గ్యాస్ వదిలితే మెషీన్‌కి లోపల శత్రువుని పెట్టి తాళం వేసినట్టే.

గాలి కండెన్సర్‌లో ద్రవంగా మారదు. ఊరికే చోటు ఆక్రమించి ప్రెజర్ పెంచుతుంది. చల్లదనం తగ్గి, కరెంటు బిల్లు పెరుగుతుంది. తేమ ఇంకా డేంజర్. ఈ ఏసీల కంప్రెసర్లలో వాడే నూనెకి తేమని పీల్చే గుణం ఉంది. ఆ తేమతో నూనె చెడి ఆమ్లంగా మారి, కంప్రెసర్ వైండింగ్‌ని మెల్లగా తినేస్తుంది. ఇది మొదటి వారంలో కనపడదు. రెండు మూడేళ్లకి కంప్రెసర్ పోయినప్పుడు "కంపెనీ మంచిది కాదు" అని తిట్టుకుంటాం.

దీనికి మందు వాక్యూమ్ పంప్. దాని వెనకున్న సైన్స్ నాకు భలే నచ్చింది. కొండ మీద నీళ్లు త్వరగా మరుగుతాయి కదా, గాలి ఒత్తిడి తక్కువ కాబట్టి. మామూలుగా ఆ ఒత్తిడి 760 మిల్లీమీటర్ల పాదరసం. దాన్ని 32కి తగ్గిస్తే నీళ్లు 30 డిగ్రీల దగ్గరే మరుగుతాయి. అంటే స్టవ్ అక్కర్లేదు, మన గది వేడే చాలు! పంప్ అంతకంటే ఇంకా కిందికి లాగుతుంది. పైపుల్లో దాక్కున్న తేమ ఆవిరై బయటికొచ్చేస్తుంది. ఆవిరవడానికి టైమ్ కావాలి, అందుకే ఇంటి ఏసీకి కనీసం 15, 20 నిమిషాలు పంప్ నడవాలి. ఆ తర్వాత పంప్ ఆపి, వాల్వు మూసి కాసేపు చూడాలి. గేజ్ ముల్లు కదలకపోతే లీకు లేనట్టు. పైకి వస్తుంటే ఎక్కడో సందు ఉన్నట్టు. పరీక్షా, శుభ్రమూ ఒకే దెబ్బకి.

చాలామంది చేసే షార్ట్‌కట్ ఏంటంటే, అవుట్‌డోర్ వాల్వు కొద్దిగా తెరిచి, అందులోని గ్యాస్‌తోనే గాలిని "బుస్స్" మని బయటికి తోసేయడం. పది సెకన్లలో పని అయిపోతుంది. గాలి కొంత పోతుంది, తేమ పోదు. పైగా మనం డబ్బిచ్చి కొన్న గ్యాస్ కూడా పోతుంది. ఒక కిలో ఆర్‌32 గాల్లో కలిస్తే భూమిని వేడెక్కించడంలో దాదాపు 675 కిలోల కార్బన్ డయాక్సైడ్‌తో సమానం. పాత ఆర్‌410ఏ అయితే రెండు వేల కిలోల పైమాటే. గది చల్లబరచడానికి ఊరంతా వేడెక్కించడం అంటే ఇదే.

నీరు పల్లమెరుగు

ఏసీ నుంచి గోడ మీద నీళ్లు కారుతున్నాయంటే తప్పు ఏసీది కాకపోవచ్చు. డ్రెయిన్ పైపు మొదటి నుంచి చివరిదాకా దిగుతూనే వెళ్లాలి. మీటరుకి కనీసం ఒక సెంటీమీటర్ వాలు. మధ్యలో ఎక్కడైనా పైకి లేచి దిగితే నీళ్లు అక్కడే నిలిచి, బురద కట్టి, లోపలికి తన్నుతాయి. పైపు చివర బకెట్ నీళ్లలో మునిగి ఉన్నా అదే బాధ. అందుకే గోడకి కొట్టే రంధ్రం కూడా బయటివైపు కొంచెం వాలి ఉండాలి.

రాగి పైపుల మీద తొడిగే నల్లటి స్పాంజి గొట్టం అందం కోసం కాదు. చాలా స్ప్లిట్ ఏసీల్లో రెండు పైపులూ చల్లగా ఉంటాయి. కాబట్టి రెంటికీ వేర్వేరుగా తొడుగు ఉండాలి. నట్ల దగ్గర కూడా ఖాళీ వదలకూడదు. ఎండకి ఆ స్పాంజి పొడిపొడిగా రాలిపోతుంది, పైన టేపు చుట్టడం అందుకే.

మూసేముందు ఒక ఫొటో

కొత్త ఫ్లాట్లలో రాగి పైపుల్ని బిల్డరే గోడలో పెట్టి ప్లాస్టరింగ్ చేయిస్తున్నాడు. చూడటానికి నీట్‌గా ఉంటుంది. కానీ ఏసీ కొనేదాకా నెలల తరబడి ఆ పైపుల మూతులు తెరిచి ఉంటే సిమెంటు దుమ్ము, తేమ లోపలే ఉండిపోతాయి. మూతులు నొక్కి సీలు చేశారా, గోడలోపల జాయింట్లు ఉన్నాయా అన్నది ప్లాస్టరింగ్‌కి ముందే చూసుకోవాలి. జాయింట్ లేకుండా ఒకే పైపు వేస్తే అన్నిటికంటే మేలు. అతుకు తప్పనిసరైతే వెల్డింగ్ చేసేటప్పుడు పైపులో నైట్రోజన్ పారిస్తూ ఉండాలి. లేకపోతే లోపల నల్లటి పెచ్చు కడుతుంది. అది ఊడి ఎక్స్‌పాన్షన్ వాల్వుకి అడ్డం పడుతుంది.

విల్లాల్లో, ఆఫీసుల్లో డక్టబుల్ ఏసీలు పెడతారు. మెషీన్ ఫాల్స్ సీలింగ్ పైన దాక్కుంటుంది, రేకు డక్టుల్లోంచి చల్లగాలి గదులకి వెళ్తుంది. అక్కడా అదే సూత్రం: దారి బాగుంటేనే మెషీన్ బాగుంటుంది. అతుకుల దగ్గర సీలు సరిగ్గా లేకపోతే చల్లగాలి సీలింగ్ పైనే తిరుగుతుంది, కింద మనం చెమటలు కక్కుతాం. మెత్తటి ఫ్లెక్సిబుల్ డక్టుని సాగదీసి వేయాలి. మడతపెట్టి సందులో కుక్కితే గాలి ఊపిరాడక చస్తుంది. డక్టుకి తొడుగు లేని చోట నీళ్లు పట్టి, సీలింగ్ మీద పసుపు మరకలు వస్తాయి. ఇంకోటి, పంపిన గాలి తిరిగి మెషీన్ దగ్గరికి రావడానికీ దారి ఉండాలి. చాలామంది మరిచిపోయేది ఇదే.

సీలింగ్ మూసేశాక ఇవేవీ కనపడవు. మూసేముందు ఫోన్ తీసి ఫొటోలు, వీడియో తీసి పెట్టుకోండి. ఐదేళ్ల తర్వాత రిపేర్‌కి వచ్చినవాడు మీకు దండం పెడతాడు.

ఇల్లు మారేటప్పుడు జాగ్రత్త

మనలాంటి బ్యాచిలర్స్‌కి ఇల్లు మారడం మామూలే. ఏసీ విప్పేముందు గ్యాస్‌ని అవుట్‌డోర్‌లోకి లాగి దాచుకోవచ్చు. దీన్ని పంప్ డౌన్ అంటారు. ఏసీ కూలింగ్‌లో నడుస్తుండగా సన్నటి పైపు వాల్వు మూయాలి. గ్యాసంతా బయటి యూనిట్‌లోకి చేరాక లావు పైపు వాల్వు మూసి, వెంటనే ఆపేయాలి. ఇది తెలిసినవాడు చేస్తే గ్యాస్ డబ్బులు మిగులుతాయి.

తెలియనివాడు చేస్తే ప్రాణం మీదికి వస్తుంది. కంప్రెసర్ నడుస్తుండగా పైపు వదులైతే అది గాలిని పీలుస్తుంది. వేడెక్కిన నూనె, గాలి కలిసి ఒత్తిడికి గురైతే కంప్రెసర్ పేలవచ్చు. లీకు పరీక్ష కోసం నైట్రోజన్ బదులు ఆక్సిజన్ నింపినా అంతే ప్రమాదం, నూనె తగిలితే బాంబే. మీ ఇంట్లో ఎవరైనా ఏసీ లైనుకి ఆక్సిజన్ సిలిండర్ పెడుతుంటే మొహమాటం లేకుండా ఆపేయండి. ఆర్‌32 గ్యాస్ తక్కువగానే అయినా అంటుకునే రకం. గ్యాస్ పని జరిగేటప్పుడు కిటికీలు తెరిచి ఉండాలి, దగ్గర్లో సిగరెట్, మంట ఉండకూడదు.

గోడ అవతల మనిషి

ఇదంతా చదివి "టెక్నీషియన్లంతా మోసగాళ్లు" అనుకుంటే పొరపాటు. మా ఇంటికొచ్చిన పెద్దాయన్నే అడిగాను, "ఇంత తెలిసినప్పుడు మిగతావాళ్లు ఎందుకు చెయ్యరన్నా?" అని.

"సీజన్ల ఒక్కొక్కనికి దినాం ఆరేడు ఇండ్లు ఉంటయి. పైసలు ఇంటికింత అని లెక్క, గంటకింత అని కాదు. ఒక్కో ఇంట్ల అరగంట పంప్ పెట్టుకొని కూసుంటే సాయంత్రానికి మూడు ఇండ్లు కూడా కావు. పంప్ మోసుకొని నాలుగంతస్తులు ఎక్కాలె. ఎక్కినంక ఓనర్ 'ఇంకెంతసేపు' అంటడు."

ఆ చివరి మాట మనకే తగులుతుంది. ఎండలో గోడ బయట వేలాడే మనిషిని తొందరపెట్టేది మనమే. నాలుగో అంతస్తులో సన్‌షేడ్ అంచున నిలబడి, నలభై కిలోల దాకా ఉండే యూనిట్‌ని ఇనుప స్టాండ్ మీదికి ఎక్కించేవాళ్లని గమనించారా? బెల్టు ఉండదు, తాడు ఉండదు. ఒక చేత్తో కిటికీ గ్రిల్, ఇంకో చేత్తో స్పానర్. మనకి చల్లగాలి కావాలి, ఆయనకి సాయంత్రం ఇంటికెళ్లాలి. అవుట్‌డోర్‌ని బాల్కనీలోనో, టెర్రస్ మీదో, చెయ్యందే చోట పెట్టించుకోగలిగితే అలాగే పెట్టించండి. వీలుకాకపోతే సేఫ్టీ బెల్టు లేకుండా ఎక్కొద్దని చెప్పండి.

ఐటీఐలో ఈ పని నేర్పడానికి రెండేళ్ల కోర్సు ఉంది. 2019లో కేంద్రం తెచ్చిన ఇండియా కూలింగ్ యాక్షన్ ప్లాన్‌లో లక్ష మంది సర్వీస్ టెక్నీషియన్లకి ట్రైనింగ్, సర్టిఫికెట్ ఇవ్వాలని లక్ష్యం పెట్టుకున్నారు. అంటే ఇది ఎవరైనా చేసేసే పని కాదని ప్రభుత్వానికీ తెలుసు. కానీ నేర్చుకున్న పనిని చేయడానికి టైమ్ ఇవ్వాల్సింది మాత్రం ఇంటివాళ్లమే.

అందుకే ఈ సమ్మర్‌లో ఏసీ బిగించుకుంటుంటే బుకింగ్‌కి ముందే ఫోన్‌లో ఇవి అడగండి:

• వాక్యూమ్ పంప్ తెస్తారా? దానికి ఎక్స్‌ట్రా అంటే ఇస్తామని చెప్పండి. ఒక్క గ్యాస్ ఫిల్లింగ్ ఖర్చుతో పోలిస్తే అది చాలా తక్కువ.
• పంప్ ఆపాక ముల్లు నిలబడిందో లేదో నాకు చూపిస్తారా?
• నట్ల మీద సబ్బు నీళ్లతో చెక్ చేస్తారా?
• పైపు కంపెనీ చెప్పినదానికంటే పొడవైతే, మాన్యువల్‌లో ఉన్న లెక్క ప్రకారం గ్యాస్ తూకం వేసి కలుపుతారా? ఎంత గ్యాస్ ఉండాలో అవుట్‌డోర్ స్టిక్కర్ మీద గ్రాముల్లో రాసి ఉంటుంది.
• పాత ఏసీకి గ్యాస్ నింపేముందు లీకు ఎక్కడుందో వెతుకుతారా?

ఐదింటికీ "అవును" అన్నవాడు దొరికితే నంబర్ సేవ్ చేసుకోండి. ఆయన వచ్చిన రోజు మీటింగులు కాస్త పక్కన పెట్టి, చల్లటి మజ్జిగ ఇచ్చి, "తొందరేం లేదన్నా, నిదానంగా చెయ్యి" అనండి. మా ఏసీకి మళ్లీ గ్యాస్ నింపించి రెండు సమ్మర్లు దాటింది. గ్రూపులో ఎవరైనా నంబర్ అడిగితే ఇప్పుడు నేనే పెడుతున్నా.